కండ్లు మూసుకునే కోచ్‌లు

చెన్నైలో ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టు. సాయంత్రం ఆటగాళ్లు వెళ్లిపోయాక కోర్టు ఊడ్చే మంగ, కొత్త కోచ్ నాగలింగం మిగిలారు.

"లెయ్ తంబీ, కుర్చీ కింద ఊడవాల. ప్రాక్టీస్ అయిపోయి శానాసేపైంది, ఇంకా నిద్రేంది?"

"నిద్ర కాదు మంగక్కా. ఇందాకటి ఆట చప్పుడు గుర్తు చేసుకుంటా ఉండా. మన పాత కోచ్ వెంకటపతి సార్ ఇట్ల కండ్లు మూసుకోని కూర్చునే కదా ఎవడి తప్పు వాడికి చెప్పింది? బంతి చప్పుడు వింటే చాలు ఆయనకి. నాకేమో చప్పుడే వినిపిస్తాది, తప్పు వినిపించదు."

"అయ్యో రామా, నువ్వు తొమ్మిదోవాడివి."

"ఏంది?"

"సార్ దగ్గర ఆడి కోచ్‌లైనోళ్లు ఇంకా ఎనిమిది మంది ఉండారు. అందరూ ఇట్ల మూసుకోనే కూర్చుంటారంట. తిరువొత్తియూరులో మా మనవరాలు విజి చదివే స్కూల్లో ఒకాయనైతే గురక కూడా పెడతాడంట."

"నవ్వకక్కా. వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడినాం. రేపు కూడా ఓడితే ఇంటికి పొమ్మన్నాడు ప్రిన్సిపాల్. సార్ పేరు చెడగొట్టినోడిగా మిగిలిపోతా."

"నాకు పనుంది, జరుగు."

"మాట మారుస్తావేంది? నీకేదో తెలుసు."

"తెలిస్తే? చెప్పనని మాటిచ్చినా."

"సార్‌కేనా? సార్ పోయి రెండేండ్లు అయిందక్కా. ఇంకెవరికి భయం?"

"సరే, విను. సార్‌కి చూపు లేదు."

"ఎవరికి?"

"సార్‌కే. ఆఖరి ఎనిమిదేండ్లు. షుగరు. అంతా మసకే. చుక్కల మందేసుకుంటే మంట, అందుకే కండ్లు మూసుకునేది. కాలేజీకి తెలిస్తే పంపించేస్తారని ఎవరికీ చెప్పలా."

"మరి బంతి వేసేటప్పుడు నా కుడి భుజం ముందే దిగిపోతాదని ఎట్ల కనిపెట్టినాడు?"

"నేను చెప్పినా."

"నువ్వా?"

"పొద్దున, సాయంత్రం ఈడనే కదా ఉండేది. మీరు నీళ్లు తాగను పోయినప్పుడు అడుగుతాడు, మంగా, ఏం చూసినావు అని. ఆ పొట్టోడు ఎగిరి మడమ మీద దిగతాడు సార్ అని చెప్తా. అంతే. దానికి ఏం చేయాలో ఆయనకి తెలుసు. నాకు ఆ ఆట పేర్లు కూడా తెలీవు."

"అంటే ఇన్నేండ్లూ మేం మొక్కింది..."

"ఆయన్ని తక్కువ చేయొద్దు తంబీ. ఊడ్చేదాని మాట నమ్మి టీమ్ మార్చినోడు ఇంకెవడుండాడు చెప్పు?"

"నిజమే. అయితే చెప్పు, మా టీమ్‌లో సెల్వం వేసే బంతి ఎందుకు తప్పుతా ఉంది?"

"వద్దులే, నీకు కోపమొస్తాది."

"రాదు. చెప్పక్కా."

"వాడు వేసేముందు బాస్కెట్‌ని చూడడు, నిన్ను చూస్తాడు. నువ్వేమో కండ్లు మూసుకోనుంటావు. తన ఆట నీకు నచ్చలేదనుకోని భయపడిపోతాడు."

"అయ్యో. ఇంత చిన్నదా?"

"చిన్నదే."

"అక్కా, రేపు మ్యాచ్‌కి నువ్వు నా పక్కన బెంచీ మీద కూర్చో."

"చీపురు పట్టుకునేదాన్నా? అందరూ చూస్తారు."

"చూడనీ. ఎవరని అడిగితే అసిస్టెంట్ కోచ్ అని చెప్తా. ప్రిన్సిపాల్‌కి కూడా అదే చెప్తా. ఏందక్కా, ఏడుస్తావేంది? తప్పుగా అన్నానా?"

"లేదులే తంబీ. సార్ ఎనిమిదేండ్లు నన్ను స్తంభం చాటున నిలబెట్టే అడిగినాడు. పక్కన కూర్చోమని ఒక్క దినం అనలా."