ఎత్తు చక్రాలు

టైర్ల షాపులో పాత ఎస్‌యూవీని జాకీల మీద లేపారు. అక్కాతమ్ముళ్లు గోడకున్న చక్రాలు చూస్తున్నారు.

"అంత పెద్దవెందుకురా? పాత సైజే వేయించు."

"ఇవైతే బండికి కళొస్తుందక్కా."

"ఇప్పుడే అమ్మ డోరు పట్టుకుని వేలాడుతోంది. ఇంకా ఎత్తయితే ఎలా ఎక్కుతుంది?"

"నీ కారు ఎత్తు తక్కువేగా."

"అంటే ఆస్పత్రికి ఇక నేనే తిప్పాలా?"

"తీసుకెళ్లనని నేనన్నానా? ఎక్కలేనని రేపు అమ్మే అంటుంది."

"ఓహో. చెడ్డపేరు కూడా రాకూడదన్నమాట. చక్రాలు మారుస్తున్నట్టు అమ్మకి చెప్పావా?"

"చెప్పా."

"ఏమంది?"

తమ్ముడు గోడకున్న చక్రాన్ని వేలితో తట్టాడు.

"ఏమందిరా?"

"కుదుపులకి నేను పడే నడుంనొప్పి చూడలేకే మారుస్తున్నావు కదా నాన్నా, అంది."