బస్సెక్కిన ఎంజైము

"చిన్న విషయమేలే, చెప్పుకునేంత గొప్పేం కాదు గానీ..." అంటూ ల్యాబు స్టోరుకీపరు టీ గ్లాసు అందుకుని బల్ల మధ్యకి జరిగాడు. ఆయన అలా మొదలెట్టాడంటే ఇక పొయ్యి మీద ఇంకో గిన్నె పాలు పెట్టాల్సిందేనని టీకొట్టు అక్కకి తెలుసు. డ్యూటీ దిగిన వాచ్‌మన్, అంటే స్టోరుకీపరు బావమరిదే, ఎదురుగా కూర్చుని నవ్వు ఆపుకుంటున్నాడు.

"పొద్దున మన పరిశోధన పాపకి పార్సిలొచ్చింది. ఏంటనుకున్నారు? ఎంజైము! మనిషి ఒంట్లో ఉండే సరుకే, అలాగని ఏ మనిషిలోంచో తీసింది కాదు. మన జన్యువుని పట్టుకెళ్ళి కంటికి కనపడని క్రిముల్లో పెట్టి, వాటిచేత చేయిస్తారు. పక్కింటి పొయ్యి మీద మన కూర వండించుకున్నట్టన్నమాట. మందనుకునేరు, కాదు, ల్యాబులో పరీక్షలకి. పెట్టె చూస్తే ఇంత, అందులో పొగలు కక్కే ఐసు, ఆ ఐసులో చిటికెన వేలంత సీసా, ఆ సీసాలో కన్నీటి బొట్టంత సరుకు. పాప చదువు గట్టెక్కాలంటే ఆ బొట్టే దిక్కు. మళ్ళీ తెప్పించేలోపు ఆ పిల్ల గడువు కాస్తా దాటిపోతుంది. అలాంటి పెట్టెని మోయాలంటే మాటలా? అందుకే నా చేతికిచ్చారు."

"జాగ్రత్తగానే మోశావా బావా?" అన్నాడు వాచ్‌మన్.

"నువ్వుండరా! పైకి తీసుకెళ్ళి, సీసా తీసి లైటుకి ఎదురుగా పట్టి చూద్దును కదా, ఖాళీ! ఇంకొకడైతే అక్కడే కూలబడేవాడు. నేనా? నిదానంగా గాలి వాసన చూశాను. వాసన మెట్ల వైపు పోతోంది. అది మనిషి సరుకు కదండీ, మనుషుల్ని వెతుక్కుంటూ బయల్దేరింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లిఫ్టెక్కింది!"

"బొట్టు లిఫ్టెక్కిందా?" టీకొట్టు అక్క గరిట ఆపింది. "మీట ఎవరు నొక్కారు?"

"అదే నొక్కుకుంది. నేను మెట్ల మీంచి దూకాను. మెట్లు దిగాననలేదు, దూకానన్నాను, ఒక్కో అంతస్తుకి ఒక్కో దూకు. కిందికొచ్చేసరికి అది వీధి దాటి బస్సెక్కేసింది. కండక్టరు టిక్కెట్టు కూడా కొట్టాడు, అర టిక్కెట్టు. నేను బస్సు వెనక పరిగెత్తాను. పరిగెత్తి పరిగెత్తి బస్సుని దాటిపోయాను, మళ్ళీ వెనక్కి రావాల్సొచ్చింది. ఆ గాలికి చొక్కా గుండీలు ఊడి వెళ్ళి ట్రాఫిక్ పోలీసు విజిల్లో పడ్డాయి. పాపం, ఇప్పటికీ ఊదలేకపోతున్నాడు."

"గుండీలన్నీ ఉన్నాయిగా నీ చొక్కాకి?" అన్నాడు వాచ్‌మన్.

"కుట్టించుకున్నాను! వినండి. కూడలిలో బస్సాపి, కిటికీలోంచి దాని మెడ పట్టుకున్నాను. 'నేనూ మనిషి సరుకునే, ఆ చలిలో నేనెందుకుండాలి?' అని ఎదురు తిరిగింది. 'నీ చలి సంగతి సరే, నువ్వు లేకపోతే ఆ పిల్ల ఏమైపోవాలే?' అని నాలుగు దులిపాను. దెబ్బకి కరిగిపోయి ఏడుపు లంకించుకుంది. 'ఏడవకు, పలచబడిపోతావు!' అని బుజ్జగించి, అరచేతిలో పెట్టుకుని, చల్లగా ఉండాలని దారిపొడుగునా ఊదుకుంటూ తెచ్చాను. నా ఊపిరికి మంచు కురిసింది. ఈ వీధిలో కుక్కలన్నీ వణికాయి!"

వాచ్‌మన్ ఇక ఆగలేకపోయాడు. "అక్కా, అది బస్సెక్కిన టైములో ఈయన మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనకాల కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. మెట్ల మీద పెట్టె జారిపోయింది. సీసా ఖాళీగా కనపడేసరికి ఒలికిపోయిందనుకున్నాడు. 'ఆ పిల్ల బతుకు నాశనం చేశాన్రా' అని నా చెయ్యి వదల్లేదు. నేనే వెళ్ళి పాపకి చెప్పాను."

స్టోరుకీపరు గ్లాసు కింద పెట్టాడు. ముఖంలో రంగులు మారాయి. అప్పుడే లోపలికొచ్చిన పరిశోధన పాప ఆయన పక్కనే కూర్చుంది. పెద్ద గండం గడిచినట్టు ఆ అమ్మాయి ముఖం తేలిగ్గా ఉంది.

"ఒలకలేదక్కా. బొట్టు ఎగిరి మూతకి అంటుకుంది, అంతే. అంత చిన్న సరుకు ఎప్పుడూ అలాగే చేస్తుంది. మిషన్లో పెట్టి గిర్రున తిప్పితే అడుక్కి దిగింది. పరీక్ష కూడా చేసి చూశాను, చక్కగా పనిచేసింది."

"అదే కదమ్మా నేను చెప్తున్నది!" స్టోరుకీపరు నిటారుగా కూర్చున్నాడు. "బస్సులోంచి పట్టుకొచ్చి ఆ మూతకి అంటించిందెవరనుకున్నావు? ఆ పరుగు నేను పరిగెత్తకపోతేనా..."

"పరుగు మాట నిజమే బాబాయ్," అంది పాప, ఆయన భుజం మీద చెయ్యి వేసి. "కాకపోతే పరిగెత్తింది నేను. లిఫ్టు కోసం కూడా ఆగకుండా మేడ మీదికి పరిగెత్తుకొచ్చాను. 'పనిచేసింది' అని నేను నోరు తెరిచేలోపే నువ్వు నా కాళ్ళ మీద పడ్డావు."