జక్రయ్య మేష్టారి నాలుగున్నర అడుగులు

ఏంటే గుల్షన్, ఆన్సరు కరెక్టయితే చాలదా అంటావా? ఆ ఫోనవతల పెట్టు ముందు. మీ సారు మార్కులు కోశాడంటే కొయ్యడా మరి? మధ్యలో స్టెప్పులేవి? జక్రయ్య మేష్టారుంటేనా, చాక్‌పీసు నీ నెత్తిన పడేది. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయాడు. మా హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. మనిషి ఐదడుగులు కూడా లేడు, గొంతు మాత్రం మిరపచేల అవతలికి వినపడేది. నన్నెంత ఏడిపించాడనుకున్నావ్! "సిలారూ, బొమ్మేదిరా? ఇచ్చిందేంటి, కనుక్కోవాల్సిందేంటి, రాయవేం?" అబ్బబ్బ, ప్రాణం తోడేసేవాడనుకో. అయినా పదోక్లాసు లెక్కల్లో తప్పాలే. మీ నానమ్మకి చెప్పమాక.

ఏం చెప్తున్నా? ఆఁ, నిచ్చెన. అప్పుడే వెల్డింగ్ షాపు పెట్టా. ఊరి వాటర్ ట్యాంకు నిచ్చెన తుప్పుపట్టి ఊడిపోయింది. కొత్తది చెయ్యాలి. అదే నా మొదటి పెద్ద పని. ఎత్తెంతో ఎవడికి తెలుసు, ఎక్కే దారే లేదాయె! ప్రెసిడెంటుగారు మేష్టార్ని పిలిపించారు. ఆయన చెక్క కోణమానినికి దారం, దారానికి రాయి కట్టి, ఒంటికన్నుతో ట్యాంకు అంచుకేసి చూస్తా వెనక్కి వెనక్కి పత్తిచేలోకి నడిచాడు. నలభై ఐదు డిగ్రీలొచ్చిన చోట ఆగాడు. టాన్ నలభై ఐదు ఒకటే కదా, దూరమెంతో ఎత్తూ అంతేనంట. టేపు పెడితే నలభై. "నలభై అడుగులు, కొయ్యరా" అన్నాడు. కోశా.

ఇరవైమంది కలిసి లేపి నిలబెడితే కొక్కేలు అంచుకందలేదు. నాలుగున్నర అడుగులు తక్కువ! ఇంక చూడు, ఊరంతా నా మీద పడింది. "ఏరా, పంచాయతీ ఇనుము మింగేశావా?" అని ప్రెసిడెంటు. మేష్టారు చెప్పిన కొలతండీ అంటే ఒక్కడూ నమ్మడే! ఆయన లెక్క తప్పుద్దా అని నవ్వారు. మా నాన్న తలొంచుకుని నిలబడ్డాడు.

మేష్టార్ని పిలుచుకొచ్చారు. వచ్చినాయన ఊరుకున్నాడా? జేబులోంచి చాక్‌పీసు తీసి ట్యాంకు స్తంభం మీద బొమ్మ మొదలెట్టాడు! నాకు ఒళ్లు మండిపోయింది. ఇక్కడ నేను దొంగనైపోతుంటే ఈయనకి పాఠమా? "ముందు దొంగెవడో తేల్చండి మేష్టారూ" అన్నాడు ప్రెసిడెంటు. "స్టెప్పు దాటకూడదండి." నిలువు గీత గీశాడు. అడ్డగీత గీశాడు. ఆ చివర మనిషి బొమ్మ గియ్యబోయి ఆగిపోయాడు. తర్వాత నన్ను పిలిచి, "టేపు తియ్యి. నేల నుంచి నా కంటిదాకా కొలువు" అన్నాడు. కొలిచా. నాలుగున్నర. "గట్టిగా చెప్పరా" అన్నాడు. చెప్పా.

"కోణం చూసింది నా కన్ను. నలభై అడుగులూ నా కంటి దగ్గర్నుంచి పైకి. కిందున్న నన్ను నేను కలపలేదు. సిలార్ ఇనుము తినలేదండీ, తప్పు నాది." ఆ గొంతుతోనే, ఊరంతా వినేట్టు. స్తంభం మీద కూడా రాశాడు, నలభై ప్లస్ నాలుగున్నర అని.

ఊరుకుంటే ఆయన పేరు ఆయనకుండేది. ఎవడడిగేవాడు? నా దగ్గరున్నది ఆన్సరొక్కటే, నలభై. దాన్ని పట్టుకుని జీవితాంతం దొంగగా బతికేవాణ్ణి. ఇప్పటికీ కోపమేననుకో, ఆ కలిపేదేదో ముందే కలుపుకుని ఏడవచ్చుగా మహానుభావుడు! మా నాన్న చేత ఆ రోజు తల...

ఊఁ. సరే, పెన్సిలేది? ముందు బొమ్మ గియ్యి. చూసేవాడున్న చోట చుక్క పెట్టమాక, మనిషిని నిలబెట్టు.