మాట అందించేవాడు లేని నాటకం

ప్రాంప్టరు ఎక్కడ కూర్చోవాలని నన్నడుగుతావేంటమ్మా? నేను డ్రిల్లు మాస్టర్ని. ఈల ఊదడం తప్ప నాకేం తెలుసు? అయినా అడిగావు కాబట్టి చెప్తున్నా, ఈ బళ్ళో నీకంటే ముందు నాటకాలు ఆడించినాయన అసలు ప్రాంప్టర్నే పెట్టేవాడు కాదు. అవును, నాటకాల మాస్టారే. నువ్వు పుట్టకముందే పోయాడులే. పొడుగ్గా, కాస్త వంగి, ఎప్పుడూ ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టు నడిచేవాడు. ఆయనకీ నాకూ పడేది కాదు. ఉన్నది ఒక్క హాలు. వానొస్తే నా పిల్లల్ని ఎక్కడ పరిగెత్తించను? వెళ్ళి చూస్తే నేలంతా పిల్లలు బోర్లా పడుకుని రాసుకుంటూ ఉండేవాళ్ళు. "మాస్టారూ, కాస్త పక్కనించి వెళ్ళండి, వాడి రాజు ఇప్పుడే చచ్చిపోతున్నాడు" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఆయన పద్ధతులే వేరు. అచ్చయిన నాటకం ముట్టుకోనిచ్చేవాడు కాదు, పిల్లలే రాయాలి. రాసినవాళ్ళు వేషం వెయ్యకూడదు, వెనక వరసలో ఆయన పక్కన నోరు మూసుకుని కూర్చోవాలి. చివర్లో ఎవరూ ఉన్నట్టుండి మంచివాళ్ళయిపోకూడదు. "మీ ఇంట్లో అలా అయిన రోజు వచ్చి చెప్పండి, అప్పుడు రాద్దాం" అనేవాడు. ఇక ప్రాంప్టరు సంగతా? "ఇంట్లో మాట మర్చిపోతే ఎవరందిస్తారు మాస్టారూ? నోరు తెరుచుకుని నిలబడమనండి, అదీ నాటకమే" అనేవాడు. ఏం తెలివిరా నాయనా అనుకునేవాణ్ణి. ఇదిగో, ఆ ఫ్యాను కాస్త తగ్గించు. ఆఁ, ఎక్కడున్నాం?

ఆ రోజుల్లో దర్జీ వాళ్ళ పిల్ల ఒకతి మన బళ్ళో చదివేది. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే దుకాణం. అన్న కత్తిరిస్తాడు, తమ్ముడు కుడతాడు, మధ్యలో ఒక బల్ల. ఇద్దరికీ మాటల్లేవు. ఎందుకంటావా, వాళ్ళకే గుర్తులేదనుకుంటా. అన్న కూతురు బడి వదలగానే వెళ్ళి ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. "చేతులు పొట్టిగా కుట్టాడని చెప్పమ్మా మీ బాబాయికి." "కత్తిరించినాయన్నే అడుక్కోమని చెప్పు మీ నాన్నకి." ఇద్దరూ మూరెడు దూరంలో ఉంటారు, ఎవరికీ చెవుడు లేదు. నా ప్యాంటు ఒకటి వాళ్ళ మాటల్లో పడి మోకాళ్ళ దగ్గరికొచ్చింది, అది వేరే కథ. ఆ పిల్ల పుస్తకం తెరిస్తే ఒట్టు. మాటలు మొయ్యడానికే సాయంత్రమంతా సరిపోయేది. అదంతా నాటకంగా రాసేసింది. తండ్రి చెవిలో ఎవరో ఊదారు. బడికొచ్చి నా ఎదురుగానే అన్నాడు, "మా దుకాణం స్టేజీ ఎక్కిందంటే మర్నాటి నుంచి పిల్ల బడి గడప తొక్కదు" అని. హెడ్మాస్టరు హడలిపోయి ఆపెయ్యమన్నాడు. నాటకాల మాస్టారు ఆ పిల్లనే పిలిచి అడిగాడు. "ఏమ్మా, ఆపేద్దామా? పోయేది నీ చదువు, నాది కాదు." పిల్ల గోళ్ళు కొరుక్కుంటూనే, "ఆడదాం సార్, ఎలాగూ నేను చదవట్లేదుగా" అంది. నాకు మనసు అదోలా అయిపోయింది. మనకెందుకులే అని బయటికొచ్చేశా.

హెడ్మాస్టర్ని ఎలా ఒప్పించాడో గానీ, నాటకం రోజు సాయంత్రం హాలు నిండిపోయింది. ఏం ఆడతారో చూసి తేల్చుకుందామని వచ్చిన అన్న ఈ చివర, తమ్ముడు ఆ చివర, నేను తలుపు దగ్గర. స్టేజీ మీద ఒక బల్ల, కత్తెర, అన్నదమ్ముల వేషాల్లో ఇద్దరు కుర్రాళ్ళు, మధ్యలో ఒక చిన్నపిల్ల. జనం పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను, ఆ ప్యాంటు గుర్తొచ్చి. అన్న మొహం మాత్రం కందగడ్డలా ఉంది. చివర్లో అన్న వేషం కుర్రాడు, "పెళ్ళికొడుకు కోటు అయిందేమో అడుగు మీ బాబాయిని" అన్నాడు. స్టేజీ మీది చిన్నపిల్ల నోరు తెరవలేదు. బల్ల మీద తల వాల్చేసింది. మర్చిపోయింది, చూశావా, మాట అందించేవాడు లేకపోతే ఇంతే, అనుకున్నా. తెర తాడు పట్టుకున్న అటెండరూ అదే అనుకున్నాడు. పాపం, పిల్లకి గుర్తొచ్చేదాకా ఆగుదామని తాడు వదల్లేదు. అప్పుడు ఈ చివరనించి అసలు అన్న అలవాటు కొద్దీ అందించాడు. "అడగమ్మా, కోటు అయిందా అని." ఆ చివరనించి తమ్ముడు, "అయింది, గుండీలే మిగిలాయి." "గుండీలు ఎప్పుడు కుడతావురా, పెళ్ళయ్యాకా?" రా అన్నాడమ్మా. ఎన్నేళ్ళ తర్వాతో, తమ్ముణ్ణి పట్టుకుని రా అన్నాడు, హాలంతా విన్నది. వెనక వరసలో నాటకం రాసిన పిల్ల లేవబోతే మాస్టారు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

లేదులే, కౌగిలించుకోలేదు. అప్పట్నించి నేరుగా తిట్టుకోవడం మొదలుపెట్టారు, వీధి చివరిదాకా వినపడేది. మర్నాడు పొద్దున్నే తండ్రి బడికొచ్చాడు. పిల్లని మానిపించడానికే అనుకున్నాం అందరం. మాస్టారి ముందు నిలబడి, నేల చూస్తూ, "సాయంత్రాలు దీన్ని ఇక్కడే ఉంచుకోండి సార్, దుకాణంలో దీనికిక పని లేదు" అని చెప్పి వెళ్ళిపోయాడు. నాకు కళ్ళు చెమర్చాయి. అది ఆయన కంట పడకుండా ఆయన మీదే విరుచుకుపడ్డా. "ఏదో అదృష్టం బాగుండి గట్టెక్కారు. పిల్ల మాట మర్చిపోయింది. అందించేవాణ్ణి ఒకణ్ణి పెట్టుకుంటే మీ సొమ్మేం పోయింది?" ఆయన బల్ల కింద ఏదో వెతుక్కుంటూనే అన్నాడు, "ఆ పిల్ల ఏమీ మర్చిపోలేదు మాస్టారూ. అక్కడ ఇక మాట లేదు. తల వాల్చేస్తుంది, తెర పడుతుంది. దర్జీ వాళ్ళ పిల్ల అంతే రాసింది."

ఊఁ. ఆ ఫ్యాను మళ్ళీ పెంచమ్మా. ఉక్కగా ఉంది.