తమ్ముడి రాడ్డుకి రీలు

ఏలూరులో వలలు, చేపల చెరువుల సామాను అమ్మే కొట్టు. కొట్టు పద్మప్రియది. బల్లకి ఇవతల కూర్చున్న పెద్దాయన కొల్లేరు లంక ఊరి నుంచి వచ్చాడు. ఇద్దరి మధ్యా మూడు రీళ్ళు, గాలం రాడ్డుకి బిగించి దారం చుట్టుకునే చక్రాలు.

“రాడ్డు తేకుండా రీలు అడిగితే నేనేం ఇవ్వను బాబాయి గారూ? చెప్పులు కొనడానికొచ్చి కాళ్ళు ఇంట్లో పెట్టి వచ్చినట్టుంది.”

“రాడ్డు నాది కాదమ్మా. మా తమ్ముడిది.”

“అయితే తమ్ముణ్ణే పంపాల్సింది.”

“వాడు రాడు. ఆ పెద్దది చూపించు.”

“పెద్దదైతే మంచిదని ఎవరు చెప్పారు మీకు? ఈ రాడ్లకి నంబర్లుంటాయి. ఆ నంబరుకి తగ్గ రీలే పెట్టాలి. బరువైంది పెడితే సాయంత్రానికి మణికట్టు లాగేస్తుంది. తేలికది పెడితే రాడ్డు కొస ముందుకి వాలిపోతుంది. ఇంతకీ ఎంత పొడుగుంటుంది?”

“నాలుగు ముక్కలు. ఒకదాంట్లో ఒకటి గుచ్చితే వాడికంటే రెండు మూరలు ఎక్కువ.”

“పిడి కింద చిన్న బుడిపె లాంటిది ఉంటుందా?”

“ఉంది. పెద్ద చేప పడితే దాన్ని పొట్టకి ఆనించుకుని నిలబడతాడు.”

“అయితే ఉప్పునీళ్ళ రాడ్డే. ఎనిమిదో, తొమ్మిదో, పదో. మీవాడికెక్కడిదండీ ఇది? ఏలూరులో ఎవరి దగ్గరా చూడలేదు. ఈ మూడు రీళ్ళు కూడా భీమవరం వైపు చెరువుల ఆసాముల కొడుకులు సరదాకి తెప్పించమన్నారు. తీరా వచ్చాక మొహం చాటేశారు.”

“మావాడు చాలా ఏళ్ళు అండమాన్‌లో పడవ నడిపాడు. చేపల పిచ్చి ఉన్న విదేశాల వాళ్ళని తిప్పేవాడు. వాళ్ళలో ఒకాయన వెళ్తా వెళ్తా ఇచ్చాడు. ఎర గుచ్చడు. ఈకలు కట్టిన గాలం, లావుపాటి దారం. కొరడా ఆడించినట్టు వెనక్కీ ముందుకీ ఊపి ఊపి వదుల్తాడు. ఊళ్ళోవాళ్ళు మొదట్లో నవ్వేవోళ్ళు.”

“ఇప్పుడు నవ్వరా?”

“ఇప్పుడెవరూ అటు చూడరు.”

“పాత రీలు ఏమైంది?”

“బిగుసుకుపోయింది. వాడు ఉప్పుటేరులో పడతాడు, పండుగప్పల కోసం. ఎండాకాలం సముద్రం నీళ్ళు పైదాకా వస్తాయి కదా. ఆ ఉప్పు తినేసింది. మొన్న మంచి చేప పడింది. రీలు తిరగలేదు. దారం చేత్తో పట్టుకున్నాడు. చేప లాక్కుపోతంటే వేళ్ళు తెగినట్టున్నాయి. చెయ్యి నీళ్ళలో పెట్టి చాలాసేపు అట్టాగే కూర్చున్నాడు.”

“మీరు పక్కనుండి ఒక చెయ్యి వెయ్యలేదా?”

“నేను అవతలి గట్టు మీదున్నాను.”

“అవతలి గట్టు మీద మీకేం పని?”

“ఊరికే. రీలు సంగతి చూడమ్మా.”

“చూస్తున్నాను. ఇది తీసుకోండి చేతిలోకి. లోపల బ్రేకు ఉంటుంది. ఉప్పు దూరకుండా కంపెనీవాడే మూత బిగించేశాడు. చేప పరిగెత్తితే దారాన్ని పట్టి పట్టి వదులుతుంది, వేళ్ళు తెగవు. కాకపోతే ఏ చేత్తో తిప్పుతాడో చెప్పాలి. దారం ఇక్కడే మిషను మీద చుట్టిస్తాను. చుట్టాక చెయ్యి మారిందంటే మొత్తం ఊడదీసుకోవాలి.”

“ఎడమ. కాదు… ఎదురుగట్టు నుంచి చూస్తే అటుది ఇటు అవుద్ది కదా. ఉండు. అన్నం కుడిచేత్తోనే తింటాడు.”

“అన్నం అందరూ కుడిచేత్తోనే తింటారండీ. ఫోన్ చేసి అడగండి.”

“కుదరదు.”

“సిగ్నల్ ఉండదా మీ లంకలో?”

“ఉంటది.”

“పోనీ ఇంటికెళ్ళి అడిగి రేపు రండి. దూరమా వాళ్ళిల్లు?”

“గోడకి గోడే. అడగడం కుదరదు.”

“ఆస్తి గొడవా?”

“ఆస్తేముంది మా బొంద. ఊరు వాణ్ణి వెలేసింది.”

“ఎందుకని?”

“ఊరుమ్మడి చెరువు గట్టు కొల్లేట్లోకి జరిపి కట్టాం. నీళ్ళు పోయే దారి మూశారు, ఎగువ ఊళ్ళోవాళ్ళు మునుగుతారు, తీసెయ్యండి అన్నాడు. ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. ఎవరూ వినలేదు. అర్జీ పెట్టాడు. పొక్లెయిన్లు వచ్చి గట్టు కొట్టేశాయి. చేపంతా కొట్టుకుపోయింది. ఆ ఏడు ఏ ఇంటికీ వాటా రాలేదు.”

“ఆయన చెప్పింది అబద్ధమా?”

“నిజమే.”

“నిజం చెప్పినందుకు వెలేశారన్నమాట.”

“వాడితో మాట్లాడినోళ్ళని కూడా వెలేస్తారు. వాడి పడవ ఎవరూ ఎక్కరు. వల లాగాలంటే రెండో మనిషి ఉండాలి, లేడు. ఆ రాడ్డుకైతే ఒక్కడు చాలు. అందుకే దాన్ని పట్టుకున్నాడు. పట్టింది ఆకివీడు తీసుకెళ్ళి అమ్ముకుని, అక్కడే ఎవరితోనన్నా నాలుగు మాటలాడుకుని వచ్చేవాడు. రీలు పోయినకాణ్ణించీ గడప దాటలేదు. గోడవతల గిన్నె చప్పుడు కూడా వినపడట్లేదు.”

“ఇంతమంది ఉన్నారు ఆ ఊళ్ళో, ఒక్కరికీ నోరు లేదా? కొల్లేటిని మింగారు, ఇప్పుడు మనిషిని మింగుతున్నారు. ఎవరండీ ఆ తీర్పు చెప్పిన పెద్దమనిషి? నా కొట్టుకొస్తే గాలం ముక్క కూడా ఇవ్వను.”

“వచ్చాడమ్మా.”

“ఎవరు?”

“నేనే. ఊరి పెద్దని నేనే. సొంత తమ్ముణ్ణి వెనకేసుకొస్తున్నాడని అంటారని, అందరికంటే ముందు నేనే అనేశాను. వాడు అక్కడే నిలబడున్నాడు. నా మొహం చూశాడు.”

“ఇప్పుడు రీలు కొనిస్తే సరిపోతుందా?”

“సరిపోదు. ఇవ్వనంటే లేచి వెళ్తాను.”

“కూర్చోండి. రీలు ఆయనకి కదా, మీక్కాదు. ఎలా ఇస్తారు మాట్లాడకుండా?”

“వాడి పడవలో పెట్టేసి పోతాను. ఎవరు పెట్టారో తెలియకూడదు.”

“ఊరికా, ఆయనకా?”

“ఇద్దరికీ. నేనిచ్చానని తెలిస్తే వాడు ఏట్లో పారేస్తాడు.”

“నంబరు చెప్పండి, నేనడుగుతాను. నన్నెవడు వెలేస్తాడో చూస్తా. స్పీకర్ పెడతాను, మీరు మాత్రం నోరెత్తకండి.”

“నా పేరు రాకూడదు.”

“రాదు. ఫోన్లో వెతకాలా నంబరు?”

“నోటికొచ్చు. నొక్కు, చెప్తాను. వాడి పేరు నాగదుర్గారావు.”

“…హలో. నాగదుర్గారావు గారేనా అండీ?”

“మళ్ళీ అనండి.”

“వినపడట్లేదా అండీ?”

“వినపడింది. పేరు మళ్ళీ ఒకసారి అనండి.”

“నాగదుర్గారావు గారూ, నేను ఏలూరులో వలల కొట్టు పద్మప్రియని. ఈకల గాలం వేసే రాడ్డుకి రీలు కావాలని ఒక కస్టమరు వచ్చారు. ఆ సంగతులు మీకు బాగా తెలుసని ఎవరో అంటే చేశాను. మీ రాడ్డు ఏ నంబరండీ?”

“తొమ్మిదండీ. పిడి పైన రాసుంటది. పండుగప్పకైతే అదే సరి. రీలు మీద కూడా తొమ్మిది ఉందో లేదో చూడండి. దారం చుట్టి, రాడ్డుకి బిగించి, పిడి పైకొస కింద వేలు పెట్టి రాడ్డుని అడ్డంగా ఆనించండి. అటూ ఇటూ వాలకపోతే అది దాని జత. లావు దారం కింద చుట్టే సన్నదారం మాత్రం బాగా ఎక్కువ చుట్టండి, ఏట్లో చేప సముద్రం పోటుతో పాటు పరిగెత్తుద్ది. ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడగమనండి. నేను బద్ధకించి పోగొట్టుకున్నాను. ఇంకేం కావాలండీ? అడగండి, నాకేం పనిలేదు.”

“ఏ చేత్తో తిప్పుతారండీ మీరు?”

“ఎడం చేత్తో. రాడ్డు కుడిచేతిలోంచి మార్చక్కర్లేదు. ఆయనకి పక్కన మనిషుంటాడా అండీ, చేప దగ్గరికొచ్చాక చేతివల పట్టడానికి?”

“లేరనుకుంటాను. ఒక్కరే.”

“ఒక్కడైతే తొందరపడొద్దనండి. చేప అలిసేదాకా ఒడ్డునే నడిపించాలి, నీళ్ళలోకి దిగకూడదు. పడవ మీంచైతే వేరే పద్ధతి. చెప్పనా? టైముందా మీకు?”

“ఉందండీ. చెప్పండి.”

“ఆయన్ని కూడా విననివ్వండి. అక్కడే ఉన్నారా?”

“లేరండీ. ఇప్పుడే… టీకి వెళ్ళారు.”

“అమ్మా, ఇది నా అండమాన్ నంబరు. ఊళ్ళో ఇద్దరికే తెలుసు, అమ్మకీ అన్నయ్యకీ. అమ్మ పోయింది.”

“నాగదుర్గారావు గారూ, అదీ…”

“ఆయన్ని ఏమీ మాట్లాడొద్దనండి. నాతో మాట్లాడాడని తెలిస్తే రేపు ఆయన పడవ కూడా ఎవరూ ఎక్కరు. నేనే మాట్లాడతాను, రీలు సంగతే చెప్తాను. ఫోను మాత్రం పెట్టెయ్యొద్దనండి.”