తోటలోకి పోయే చక్రాలు

పులివెందులలో హుమాయూన్ వెల్డింగ్ షాపు. మనిషి ఎక్కి కూర్చుని నడిపే గడ్డి కోసే బండిని ఆదినారాయణ సింహాద్రిపురం వైపు నుంచి టెంపోలో వేసుకొచ్చాడు. అతని భార్య శ్యామలమ్మ టెంపో ముందు సీట్లోనే ఉంది. ఊర్లో వాళ్లది చీనీ తోట, అంటే బత్తాయి.

"కుదరదని చెప్పప్పా హుమాయూన్. ఈ బండికి పెద్ద చక్రాలు పట్టవని చెప్పు, అంతే."

"ఎట్ల చెప్పల్ల మామా? పడతాయి గదా. ముందు యాక్సిల్ కోసి, ఆటో చక్రాలు రెండు పెట్టి వెల్డింగ్ చేస్తే గంట పని."

"మెల్లగా మాట్లాడు. మీ అత్తకు కాళ్లే పనిచేయవు, చెవులు శానా బాగుండాయి."

"అయినా ఎందుకు వద్దంటావు? ఈ బుడ్డ చక్రాలు సిమెంటు ఫ్యాక్టరీ గెస్ట్‌హౌసులో పచ్చిక మీద తిరిగినవి. మన నేలలో పల్లేరుముల్లు ఒకటి దిగితే గాలి పాయ. దుక్కిలో పడితే కూరుకపాయ."

"కూరుకపోనీ. నాకు కావల్సింది అదే."

"ఏంది మామా నువ్వు చెప్పేది?"

"మీ అత్తకు తుంటి ఇరిగి ఏడాదిన్నర. ఇల్లు దాటల్యా. ఈ బండి వచ్చినాక దీని మీద కూర్చోని సిమెంటు రోడ్డు కొస దాకా పోతాంది. ఆడ్నుంచి తోట కనపడదు. చక్రాలు మారిస్తే తోటలోకే పోతాది."

"పోనీ మామా! అత్త పెట్టిన చెట్లే గదా. మొదటి ఎండాకాలం బిందెలతో నీళ్లు మోసి బతికించిందని నువ్వే చెప్తివి."

"చెట్లు యాడుండాయప్పా? బోరు ఎండిపాయ. పోయిన ఎండాకాలం నూటిరవై చీనీ చెట్లు కొట్టేయించినా. అది గడప దాటలేక ఇంట్లోనే ఉన్యాది. చెప్పల్యా."

"యా అల్లా! అందుకేనా పోయిన నెల నువ్వు మార్కెట్లో చీనీకాయలు కొంటాంటివి? తోటుండే మనిషి కాయలు కొనేదేంది అనుకుంటి."

"సంచిలో ఏసుకపోయి మన కాయలంటా. ఏ చెట్టువి అంటాది. గట్టు మీద చెట్టువి అంటా. దానికి ఈసారి ఎరువు ఎక్కువెయ్యి అంటాది. సరే అంటా."

"ఎన్నాళ్లు ఇట్ల?"

"ఇంగో బోరేసి, మొక్కలు పెట్టి, నాలుగాకులు వచ్చినాక చూపిస్తామనుకుంటి. రెండు తూర్లు ఏసినా. దుమ్మే లేసె. దాని మొగం చూడలేక పొద్దున లేస్తానే తోటకాడికి పోతాండా హుమాయూన్. రాత్రిపూట..."

"హుమాయూన్! ఏంది నాయనా ఆ గుసగుసలు? పని మొదులుపెట్టినావా?"

"ఇదో అత్తా, కొలతలు తీస్తాండా!"

"కొలతలు నోటితో తీస్తారా? మీ మామ ఏమంటాండాడు?"

"నేనేమంటా శ్యామలా! పట్టవని హుమాయూనే అంటాండాడు."

"నేనెప్పుడంటి మామా?"

"అంటివి గదప్పా ఇప్పుడే! ముందు లేస్తాది, పల్టీ కొడతాదని."

"పల్టీ కొట్టదు అత్తా. ముందు జానెడు లేస్తాది. కింద గడ్డి కోసే బ్లేడు ఏటవాలైతాది. దాన్ని లెవెల్ చేయల్ల, లేదంటే పీకేయల్ల."

"చూసినావా శ్యామలా? అంత పని ఈ పొద్దుకు కాదు. ఇంగోసారి వస్తాంలే. డ్రైవరు యాడబాయ? ఓ డ్రైవరూ!"

"ఇంగోసారి, ఇంగోసారి. మూన్నెల్లుగా అదే మాట."

"తోటలో పాములుండాయి."

"నువ్వు రోజూ పోతాండావే. నిన్ను కరవల్యా?"

"కాలవలు తీసినాం. దిగబడతావు."

"దిగబడితే నువ్వు లాగుతావులే."

"ఎండలు తగ్గనీ..."

"ఎండలు తగ్గినాక వాన అంటావు. ఏమప్పా, ఆడాడ తిరగొద్దు. ఇట్ల దగ్గరికి రా. మనింట్లో నీళ్లపొయ్యి ముందర కూర్చోని కట్టెలు ఎగదోసేది ఎవరు?"

"నువ్వే. దానికేమి ఇప్పుడు?"

"పోయిన ఎండాకాలం ట్రాక్టరుకు కట్టెలు తోలిస్తివి. ఏం కట్టెలంటివి?"

"తుమ్మ... తుమ్మకట్టెలు."

"ఏటేటా ఆ చెట్ల ఎండుకొమ్మలు కొట్టి పొయ్యిలో పెట్టింది నేను. చీనీ కట్టె పొగ నాకు తెలీదా?"

"శ్యామలా..."

"రెండు నెలలు వాటితోనే నీళ్లు కాచినా. నువ్వు పోసుకున్నా నేను పోసుకున్నా ఆ నీళ్లే."

"మరి ఒక్క మాట అడగల్యా నన్ను!"

"ఎట్ల అడగల్ల? సంచి తెచ్చి ముందర పెట్టి, మన కాయలు తిను అంటివి. అప్పుడు నీ మొగం నువ్వు చూసుకోల్యా. నేను చూసినా. చూసి తింటి."

"నాకు చేతకాల్యా శ్యామలా. ఎంత చేసినా నీళ్లు పడల్యా."

"తెలుసులేప్పా. కండ్లు తుడుచుకో, హుమాయూన్ చూస్తాండాడు."

"నేనేం చూడల్యా అత్తా. చక్రాలు ఏయమంటావా?"

"ఎయ్యి నాయనా."

"ఇంగ ఆడికెందుకే నువ్వు? మొద్దులు చూసి ఏడ్చేదానికా? పీకేయప్పా ఆ బ్లేడు, ఊరికే రోడ్డు మీద తిరుగుతాది."

"బ్లేడు పీకొద్దు హుమాయూన్. బాగా లెవెల్ చేయి. చెట్లు లేని తోటలో ఉండేది గడ్డే గదా. కోసుకుంటా."