కుడి జేబు

కెంటకీ కొండల్లో ఓ చిన్న తుపాకుల కొట్టు. ముసలి యజమాని గాజుబల్ల మీద పిస్టల్ పెట్టాడు. గని క్యాంటీన్‌లో వంటచేసే ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"ఆడవాళ్లు ఎక్కువగా ఇదే కొంటారమ్మాయ్. చేతిసంచిలో ఇట్టే పడుతుంది."

"వాడు ముందు లాక్కునేది సంచినే. నాకు జేబులో పట్టాలి. ఇదిగో, ఈ ప్యాంటుకి మందపాటి గుడ్డతో లోతుగా జేబు కుట్టుకున్నాను."

"సరే, గుండు లోపలికి ఎక్కాలంటే దీని పైభాగం వెనక్కి లాగాలి. లాగి చూడు."

"లాగలేను. మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది."

"ఎలా విరిగింది?"

"మెట్ల మీంచి పడ్డానని ఆసుపత్రిలో చెప్పాను. నా మొగుడు వెర్నన్ పక్కనే నిలబడ్డాడు మరి."

ముసలాయన పిస్టల్ లోపల పెట్టేసి చిన్న రివాల్వర్ తీశాడు.

"దీనికి లాగే పనిలేదు. కాకపోతే తేలిక కదా, పేలిస్తే చేతిని గట్టిగా తంతుంది."

"తన్నులు నాకేం కొత్త కాదు."

"కొన్నాళ్లు మీ వాళ్లెవరి దగ్గరికైనా వెళ్లి ఉండకూడదూ?"

"ఇల్లు నాది పెద్దాయనా. నేనెందుకు వెళ్లాలి? ఒర చూపించండి."

"ఈ తోలు ఒర ట్రిగ్గర్‌ని కప్పేస్తుంది. తుపాకీ తీసినా ఒర జేబులోనే ఉండిపోవాలి. ఇంకోమాట, ఆ జేబులో మరేదీ ఉండకూడదు. తాళంచెవి కూడా."

ఆమె కుడి జేబులోంచి మడతల దగ్గర చిరిగిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"ఏంటిది?"

"వాడు నా ఇంటి దరిదాపులకి రాకూడదని జడ్జిగారిచ్చిన కాగితం. ఇది జేబులో ఉండగానే మూడుసార్లు వచ్చాడు. ఇప్పుడు జేబు ఖాళీ. ఆ ఒర ఇటివ్వండి."